టోటల్ ప్రోటీన్ నార్మల్ అని వదిలేయకండి: సీరం ప్రోటీన్ రిపోర్టు చదివే పద్ధతి

మా మేనత్త చంద్రగిరిలో పూలు కట్టి అమ్ముతుంది. రెండేళ్ళ కిందట కాళ్ళు వాస్తున్నాయని ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చి రిపోర్టు తెచ్చుకుంది. టోటల్ ప్రోటీన్ 7.2 అని ఉంది, పక్కన 6.0 నుంచి 8.3 అని రేంజి ఉంది, అంకె తేడాగా ఉంటే పక్కన వేసే స్టార్ గుర్తు ఎక్కడా లేదు. ఇంకేముంది, రక్తం బాగానే ఉందిలే, పొద్దస్తమానం కాళ్ళు ముడుచుకుని కూర్చుంటే వాపు రాక ఏమొస్తుంది అనుకుని ఇంట్లోవాళ్ళు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేశారు. నాలుగు నెలల తర్వాత సంక్రాంతికి నేను పోయినప్పుడు అది నా చేతికి వచ్చింది. రెండో లైనులో ఆల్బుమిన్, అంటే లివర్ తయారు చేసే, రక్తంలో నీళ్ళని పట్టి ఉంచే ప్రోటీన్, 2.4 అని ఉంది. దానికి రేంజి కూడా అచ్చు వేయలేదు, గ్లోబ్యులిన్, అంటే ఆల్బుమిన్ కాక మిగతా ప్రోటీన్లన్నీ, అయితే అసలు రాయనే లేదు. 7.2 లోంచి 2.4 తీసేస్తే 4.8, అంటే ఆల్బుమిన్‌కి రెట్టింపు గ్లోబ్యులిన్. నాకు నోట మాట రాలేదు. కనుమ దాటగానే స్కానింగ్ చేయిస్తే లివర్ అప్పటికే గట్టిపడి ముడుచుకుపోయి ఉంది, కారణం ఎప్పుడు ఒంట్లోకి చేరిందో తెలియని హెపటైటిస్ సి. ఇప్పుడు మందులు వాడి వైరస్ పోయింది, కానీ ఆ నాలుగు నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒకటి పడిపోయింది, ఇంకొకటి పెరిగింది, రెండూ కలిపేసరికి మొత్తం నార్మల్ అయి కూర్చుంది. నేను తిరుపతిలో పద్నాలుగేళ్ళుగా బయోకెమిస్ట్రీ బెంచి మీద పనిచేస్తున్నాను, ఇది రాస్తున్నది డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అయిపోయి కొత్తగా ల్యాబ్‌లో చేరిన పిల్లల కోసం, అలాగే రిపోర్టు చేతిలో పెట్టుకుని టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చున్నవాళ్ళ కోసం కూడా. జబ్బు ఏదో తేల్చేది డాక్టరే. కానీ కాగితం మీద ఉన్న అంకె ఏం చెబుతోందో, ఏ అంకెని నమ్మొచ్చో, దేన్ని చూసి కంగారు పడాలో మనకి తెలిసి ఉంటే ఆ డాక్టర్ దగ్గరికి వేళకి చేరుకుంటాం.

ముందు మూడు అంకెలు పక్కపక్కన రాసుకోండి. టోటల్ ప్రోటీన్, ఆల్బుమిన్, గ్లోబ్యులిన్. మామూలుగా పెద్దవాళ్ళలో టోటల్ ప్రోటీన్ 6.0 నుంచి 8.3 గ్రాములు, ఆల్బుమిన్ 3.5 నుంచి 5.0, గ్లోబ్యులిన్ 2.0 నుంచి 3.5, ఇవన్నీ డెసిలీటరు రక్తానికి లెక్క. ల్యాబ్‌ని బట్టి, కిట్‌ని బట్టి అటూ ఇటూ కాస్త తేడా ఉంటుంది కాబట్టి మీ రిపోర్టు మీద అచ్చయిన రేంజినే పట్టుకోండి. కొన్ని రిపోర్టుల్లో 72, 41 అని కనిపిస్తే భయపడొద్దు, అవి లీటరు లెక్కలో ఇచ్చినవి, పదితో భాగిస్తే 7.2, 4.1 అవుతాయి. చాలామందికి తెలియనిది ఏమిటంటే గ్లోబ్యులిన్‌ని మనం మిషన్‌లో కొలవం, టోటల్‌లోంచి ఆల్బుమిన్ తీసేయగా మిగిలిందే గ్లోబ్యులిన్. కాబట్టి టోటల్‌లో తప్పు వచ్చినా, ఆల్బుమిన్‌లో తప్పు వచ్చినా, ఆ తప్పంతా పోయి గ్లోబ్యులిన్ నెత్తిన పడుతుంది. ఆల్బుమిన్‌ని గ్లోబ్యులిన్‌తో భాగిస్తే వచ్చేది ఏ/జీ రేషియో. అది ఒకటికి పైన, ఒకటిన్నర, రెండు అలా ఉండాలి. ఒకటి కంటే కిందికి దిగిందంటే టోటల్ ఎంత అందంగా ఉన్నా ఆగి చూడాల్సిందే.

మా దగ్గరికి వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది ఒకటే, అంకె తేడాగా ఉంటే పేషెంటుని అనుమానించే ముందు ట్యూబుని అనుమానించు. ఒకరోజు పొద్దున వార్డు నుంచి ఒక శాంపిల్ వచ్చింది. టోటల్ ప్రోటీన్ 4.1, ఆల్బుమిన్ 2.3. ముందురోజు అదే మనిషికి 6.9, 4.0. కొత్తగా చేరిన అమ్మాయి భయపడిపోయి వెంటనే ఫోన్ చేయబోయింది. ఆగమ్మా, మిగతావి కూడా చూద్దాం అన్నాను. షుగరు 2000 పైన, పొటాషియం 2.1, కాల్షియం 5.2. ఆ మనిషికి షుగరు జబ్బే లేదు. పొటాషియం, కాల్షియం, ప్రోటీన్లు అన్నీ ఒకేసారి పడిపోయి షుగరు ఒక్కటి ఆకాశానికి పోయిందంటే అది రక్తం కాదు, సగం గ్లూకోజు డ్రిప్. వార్డుకి అడిగితే సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే తీశారట. రెండో చేతి నుంచి తీయించి మళ్ళీ పెడితే 6.7, 3.9 వచ్చాయి. ఇక్కడ ఇంకో విషయం గమనించండి. ఆల్బుమిన్ ఒంట్లో సగానికి తగ్గడానికి 20 రోజుల దాకా పడుతుంది, లివర్ ఈ రాత్రి పని మానేసినా రేపు పొద్దునకి 4.0 నుంచి 2.3కి పడిపోదు. ఒక్కరోజులో అలా పడిందంటే మూడే దారులు, నీళ్ళు కలిశాయి, ట్యూబులు మారాయి, లేదా తీవ్రమైన ఇన్ఫెక్షన్‌లోనో కాలిన గాయాల్లోనో అయినట్టు రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతోంది. నిన్నటి రిపోర్టు పక్కన పెట్టుకోకుండా ఈరోజు రిపోర్టు మీద సంతకం పెట్టొద్దు.

దీనికి తలకిందులు ఇంకొకటి, ఇది మన తిరుపతిలో ఎండాకాలం మామూలే. అలిపిరి మెట్లు ఎక్కి, ఉపవాసంతో, నీళ్ళు సరిగ్గా తాగకుండా దర్శనం చేసుకుని దిగివచ్చి, ఎలాగూ తిరుపతి వచ్చాం కదా అని అదే రోజు చెకప్ చేయించుకునేవాళ్ళు ఉంటారు. తొమ్మిది కిలోమీటర్ల దారి, మూడున్నర వేల మెట్లు, పైన ఏప్రిల్ ఎండ. వాళ్ళలో ఒకాయనకి టోటల్ 8.9, ఆల్బుమిన్ 5.4, గ్లోబ్యులిన్ 3.5 వచ్చింది. రేషియో ఒకటిన్నర, అంటే ఎక్కడా పొత్తు చెడలేదు, రెండూ కలిసే పెరిగాయి. పప్పు మరిగి మరిగి చిక్కబడినట్టు రక్తంలో నీళ్ళు తగ్గాయి, అంతే. యూరియా కూడా కొంచెం పైన ఉంది. రెండు రోజులు బాగా నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ ఇవ్వండి సార్ అంటే, వచ్చారు, 7.5 చూపించింది. గుర్తుపెట్టుకోండి, ఆల్బుమిన్ పెరిగే జబ్బు అంటూ దాదాపు లేదు. ఆల్బుమిన్ 5 దాటిందంటే ఒంట్లో నీళ్ళు తగ్గాయి, లేదా చేతికి పట్టీ కట్టి సిర దొరక్క చాలాసేపు ఉంచేశారు, లేదా ఆ మనిషికి ఆల్బుమిన్ బాటిల్ ఎక్కించారు. పట్టీ కట్టాక నిమిషం దాటకూడదు, దాటితే విప్పేసి, కాసేపు ఆగి మళ్ళీ కట్టండి.

పడుకుని ఉన్న మనిషికీ లేచి తిరుగుతున్న మనిషికీ కూడా దాదాపు అర గ్రాము తేడా వస్తుంది, నిలబడితే నీళ్ళు రక్తంలోంచి ఒంట్లోకి జారతాయి. అందుకే ఆస్పత్రి మంచం మీద 6.2 ఉన్నాయన ఇంటికి పోయాక 6.7 వస్తే కొత్త జబ్బూ కాదు, తగ్గిందని సంబరమూ కాదు. ఈ పరీక్ష మామూలుగా సీరం మీద, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే నీళ్ళ మీద చేస్తాం. రక్తం గడ్డకట్టనివ్వకుండా హెపారిన్ ట్యూబులో తీసి ప్లాస్మా మీద చేస్తే గడ్డకట్టించే ప్రోటీన్ ఫైబ్రినోజెన్ కూడా కలిసి టోటల్ 0.2 నుంచి 0.4 దాకా ఎక్కువ చూపిస్తుంది. సీరం ఎర్రగా, గులాబీ రంగులో ఉంటే రక్తకణాలు పగిలినట్టు, హిమోగ్లోబిన్ కూడా ప్రోటీనే కాబట్టి అదీ లెక్కలోకి ఎక్కేస్తుంది. సీరం మజ్జిగలా తెల్లగా ఉంటే కొవ్వు, అది రంగుని చెడగొడుతుంది, బ్లాంక్ పెట్టకుండా, అంటే సీరం సొంత రంగుని విడిగా చదివి తీసేయకుండా వచ్చిన అంకెని నమ్మొద్దు.

రంగు అంటే ఏమిటో కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే పద్ధతి తెలిస్తేనే తప్పు ఎక్కడ దూరుతుందో తెలుస్తుంది. టోటల్ ప్రోటీన్‌కి బైయూరెట్ రీఏజెంటు వాడతాం, అది నీలం రంగు నీళ్ళు, కాపర్ సల్ఫేటూ క్షారమూ ఉంటాయి. సీరం కలిపాక ప్రోటీన్‌లోని పెప్టైడ్ బంధాలు రాగిని పట్టుకుని వంకాయ రంగుకి తిరుగుతుంది, ఎంత ముదురు రంగైతే అంత ప్రోటీన్, 540 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఆల్బుమిన్‌కి బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు, పసుపు నుంచి ఆకుపచ్చకి తిరుగుతుంది. ఈ రెండోదానితో జాగ్రత్త. ఆల్బుమిన్ మొదటి క్షణాల్లోనే రంగుని పట్టుకుంటుంది, గ్లోబ్యులిన్లు మెల్లగా వచ్చి తర్వాత పట్టుకుంటాయి. కలిపేసి టీ తాగి వచ్చి చదివితే ఆల్బుమిన్ ఎక్కువ చూపిస్తుంది. కిట్ కాగితంలో ఎన్ని నిమిషాలు అని రాసి ఉంటే అన్ని నిమిషాలకే చదవండి. అసలు ఆల్బుమిన్ బాగా తక్కువ ఉన్నవాళ్ళలోనే ఈ పద్ధతి ఎక్కువ చూపిస్తుంది, అంటే రిపోర్టులో 2.2 ఉంటే అసలు అంతకన్నా కూడా తక్కువే ఉండొచ్చు.

శాంపిల్ మంచిదే అని తేలాక ఇక అంకెల పొత్తు చూడాలి. ఆల్బుమిన్ పడిపోయి గ్లోబ్యులిన్ మామూలుగా ఉంటే మొదట అడగాల్సిన ప్రశ్న, తయారవడం లేదా, పోతోందా, లేక ఒళ్ళు వేరే యుద్ధంలో ఉందా? తయారయ్యేది ఒక్క లివర్‌లోనే. పోయే దారులు మూడు, మూత్రం, పేగు, చర్మం. యుద్ధం అంటే ఇన్ఫెక్షనో, పెద్ద ఆపరేషనో, ఏదో వాపు జబ్బో. అలాంటప్పుడు లివర్ ఆల్బుమిన్ తయారీ తగ్గించి సీఆర్‌పీ లాంటి వేరే ప్రోటీన్లని గుట్టలుగా తయారు చేస్తుంది. అందుకే న్యుమోనియాతో పడుకున్న మనిషికి ఆల్బుమిన్ 2.9 ఉంటే సీఆర్‌పీ చూడకుండా లివర్ పాడైంది అనకండి. అలాగే నెల తిరగని పచ్చకామెర్లలో ఒంటికి పసుపు తెచ్చే బిలిరుబిన్ 18 ఉన్నా ఆల్బుమిన్ 4 ఉండొచ్చు, ఇరవై రోజుల సరుకు ఇంకా గోదాములో ఉంది కదా. అదే బిలిరుబిన్ 2 మాత్రమే ఉండి ఆల్బుమిన్ 2.4 ఉంటే ఆ లివర్ ఎప్పటినుంచో చెడుతూ వస్తోందని అర్థం. గర్భిణులకి చివరి నెలల్లో రక్తంలో నీళ్ళు పెరిగి ఆల్బుమిన్ 3 దగ్గరికి దిగుతుంది, అది వాళ్ళకి మామూలే. అప్పుడే పుట్టిన పిల్లలకి టోటల్ 5, 6 ఉండటం కూడా మామూలే, పెద్దవాళ్ళ రేంజితో పోల్చి తల్లిని ఏడిపించొద్దు.

మూత్రంలో పోవడం గురించి ఒక పిల్లాడి రిపోర్టు చెబుతాను. ఆరేళ్ళవాడు, పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బి ఉంటున్నాయని, దోమ కుట్టిందేమో అని రెండు వారాలు ఏవేవో పూసి, చివరికి తీసుకొచ్చారు. టోటల్ 4.6, ఆల్బుమిన్ 1.8, కొలెస్ట్రాల్ 420. వాళ్ళ అమ్మని మూత్రం నురగ వస్తుందా అని అడిగితే, "అవునక్కా, సర్ఫ్ కలిపినట్టు వస్తాది" అంది. మూత్రంలో ప్రోటీన్ చూసే స్ట్రిప్పు ముంచగానే పసుపు గడి ముదురాకుపచ్చ అయిపోయింది, నాలుగు ప్లస్సులు. ఆల్బుమిన్ తక్కువ, వాపు, మూత్రంలో ప్రోటీన్ విపరీతం, కొలెస్ట్రాల్ ఎక్కువ, ఈ నాలుగూ కలిశాయంటే నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనుకుని ఆ రోజే పిల్లల డాక్టర్ దగ్గరికి పంపాలి. ఆరేళ్ళవాడికి కొలెస్ట్రాల్ నెయ్యి తిని పెరగలేదు, ఆల్బుమిన్ పోతుంటే లివర్ కంగారుగా తయారీ పెంచుతుంది, దాంతోపాటు కొవ్వు మోసే ప్రోటీన్లూ పెరుగుతాయి. చిన్నపిల్లల్లో ఇది ఎక్కువమందికి స్టెరాయిడ్ మందులతో లొంగే జబ్బే, ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం. ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ రెండూ కలిసి పడిపోయి, మూత్రం శుభ్రంగా ఉండి, లివర్ బాగుండి, మనిషికి విరేచనాలు ఉంటే పేగులోంచి పోతోందేమో చూడమని డాక్టర్‌కి గుర్తు చేయొచ్చు.

ఇక్కడ తిండి గురించి మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టదు. ప్రోటీన్ తక్కువ అని రిపోర్టులో కనబడగానే మన ఇళ్ళల్లో రోజూ రెండు గుడ్లు, మెడికల్ షాపులో ప్రోటీన్ పౌడర్ డబ్బా, ఇంకా గట్టివాళ్ళయితే నాటుకోడి పులుసు. ప్రోటీన్ ఎక్కువ అని కనబడితే సంగటిలోకి పప్పు కూడా మానేస్తారు. "అక్కా, ప్రోటీను ఎక్కువుందంట, ఉలవచారు తినొచ్చా?" అని నన్ను ఎందరో అడిగారు. తినండి. తిన్న పప్పు అలాగే పోయి రక్తంలో తేలదు, పేగులో ముక్కలై, లివర్‌కి పోయి, అక్కడ అవసరాన్ని బట్టి తయారవుతుంది. గ్లోబ్యులిన్ పెరగడానికీ పప్పుకీ సంబంధం లేదు. నిజంగా తిండి సరిపోక ఒళ్ళు ఉబ్బిన పిల్లాడికి, నెలల తరబడి ముద్ద దిగని ముసలివాళ్ళకి ఆల్బుమిన్ పడిపోతుంది, నిజమే. కానీ మూడు పూటలా తింటున్న పెద్దమనిషికి ఆల్బుమిన్ 2.5 ఉంటే అది తిండి లోపం కాదు, కిడ్నీనో లివరో ఇన్ఫెక్షనో వెతకాలి. కిడ్నీ పాడై, కిడ్నీ వడపోయాల్సిన క్రియాటినిన్ రక్తంలో 3 ఉన్న మనిషికి ఎవరో చెప్పారని పౌడరు కలిపి తాగిస్తే మేలు కాదు, కీడే. ఎంత ప్రోటీన్ తినాలో కిడ్నీ డాక్టరుని అడిగాకే ఆ డబ్బా మూత తీయండి.

గ్లోబ్యులిన్ పెరిగిందంటే ఎక్కువగా అవి యాంటీబాడీలు, అంటే ఒళ్ళు దేనితోనో చాలాకాలంగా పోరాడుతోంది. టీబీ, కుష్ఠు, హెచ్ఐవీ, ముదిరిన లివర్ జబ్బులు, కీళ్ళవాతం, లూపస్, ఇలా జాబితా పెద్దది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు వింటే మా తాతల కాలంవాళ్ళకి టీబీ గుర్తొచ్చేది, ఆ జబ్బు ఇప్పుడూ మన మధ్యే ఉంది. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గ్లోబ్యులిన్ 4.5 కనబడితే కళ్ళె పరీక్ష రాయించుకోమని చెప్పండి, ప్రభుత్వాస్పత్రిలో ఆ పరీక్షా మందులూ ఉచితమే.

కానీ గ్లోబ్యులిన్ పెరగడంలో ఇంకో రకం ఉంది, నన్ను భయపెట్టేది అదే. బంగారుపాళెం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు, 62 ఏళ్ళు, మామిడి తోట ఉంది. కాయ కోతల్లో గంపలు ఎత్తి నడుము పట్టేసిందని ఆరు నెలలుగా నొప్పి మాత్రలు మింగుతున్నాడు. ఆ రోజు సెంట్రిఫ్యూజ్ ఆగాక ట్యూబు తీసి పిపెట్‌తో సీరం లాగితే సులువుగా రాలేదు, వచ్చింది కూడా టిప్పు చివర చుక్కగా విడిపోకుండా తీగలా సాగింది, పల్చటి గంజిలాగా. టోటల్ 10.1 చూపించింది. ఇంత ఎక్కువ వచ్చినప్పుడు కిట్ ఎంతవరకు కొలవగలదో కాగితంలో చూసి, సీరంలో సమానంగా నార్మల్ సెలైన్ కలిపి మళ్ళీ పెట్టి రెండుతో గుణించండి, నేను అలాగే చేస్తే మళ్ళీ పదే. ఆల్బుమిన్ 3.1, అంటే గ్లోబ్యులిన్ 7.0, రేషియో 0.44. వెంటనే మిగతా కాగితాలు తీశాను, హిమోగ్లోబిన్ 8.2, ఈఎస్ఆర్ 130, క్రియాటినిన్ 2.1, కాల్షియం 11.2. స్లైడు మీద ఎర్ర రక్తకణాలు రూపాయి బిళ్ళలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి అంటుకుని ఉన్నాయి. ముసలితనం, నడుము నొప్పి, రక్తహీనత, కిడ్నీ దెబ్బ, కాల్షియం పెరగడం, వీటితో పాటు గ్లోబ్యులిన్ కొండెక్కడం, ఇవన్నీ ఒక్క మనిషిలో కలిస్తే మల్టిపుల్ మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్‌ని ముందు తోసిపుచ్చాలి. ఆయన మూత్రంలో స్ట్రిప్పు పెడితే ట్రేస్, అంటే లేశమాత్రం అని మాత్రమే చూపించింది. ఇదే మోసం చేసే చోటు. స్ట్రిప్పు ముఖ్యంగా ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది, ఈ జబ్బులో మూత్రంలోకి దిగేది యాంటీబాడీ ముక్కలు, వాటిని అది చూడలేదు. అదే మూత్రంలో సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం చుక్కలు వేస్తే పాలు విరిగినట్టు తెల్లగా అయింది. స్ట్రిప్పులో లేదు, ఆమ్లంలో ఉంది అంటే ఆ తేడాని రిపోర్టులో రాసి తీరాలి. ఆ ముక్కలకే బెన్స్ జోన్స్ ప్రోటీన్ అని పేరు, 1840లలో లండన్ డాక్టర్ హెన్రీ బెన్స్ జోన్స్ వీటిని గుర్తించాడు. మూత్రాన్ని మెల్లగా వేడి చేస్తే 60 డిగ్రీల లోపే తెల్లగా గడ్డకట్టి, మరిగితే కరిగిపోయి, చల్లారితే మళ్ళీ కనబడతాయి, చూస్తే వింతగానే ఉంటుంది.

తర్వాతి మెట్టు సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్. స్వీడన్‌కి చెందిన ఆర్నె టిసేలియస్ 1930లలో ఈ పద్ధతిని నిలబెట్టి 1948లో నోబెల్ తీసుకున్నాడు. కరెంటు పెట్టి ప్రోటీన్లని పరుగెత్తిస్తే ఆల్బుమిన్ అందరికంటే ముందు పోతుంది, వెనక ఆల్ఫా 1, ఆల్ఫా 2, బీటా, చివర గామా. రిపోర్టులో గీత రూపంలో వస్తుంది. ఎడమ చివర ఆల్బుమిన్ నిటారుగా పెద్ద శిఖరం, కుడి చివర గామా చిన్న గుట్ట. టీబీ లాంటి వాటిల్లో ఆ గుట్ట శేషాచలం కొండ వరుసలాగా వెడల్పుగా లేస్తుంది, ఎందుకంటే రకరకాల యాంటీబాడీలు ఒకేసారి పెరుగుతాయి. మైలోమాలో అయితే ఒకే కణం పిల్లలు ఒకే రకం యాంటీబాడీని కుప్పలుగా తయారు చేస్తాయి, గామాలో ధ్వజస్తంభంలా సన్నగా, ఎత్తుగా ఒక్కటి నిలబడుతుంది, ఎడమ ఆల్బుమిన్, కుడి వైపు ఇది, రెండు కొమ్ములు మొలిచినట్టు కనిపిస్తుంది. దాన్నే ఎం స్పైక్ అంటారు. లివర్ గట్టిపడినవాళ్ళలో బీటాకీ గామాకీ మధ్య పల్లం పూడిపోయి వంతెన కట్టినట్టు ఉంటుంది, మా మేనత్త గీతలో నేను కళ్ళారా చూశాను. నెఫ్రోటిక్‌లో ఆల్బుమిన్ శిఖరం కుంగిపోయి ఆల్ఫా 2 లేస్తుంది, అది పెద్ద అణువు కాబట్టి కిడ్నీ జల్లెడలోంచి జారిపోదు. చిన్న స్తంభం బీటాకీ గామాకీ మధ్యలో కనబడితే మాత్రం వెంటనే గుండెలు బాదుకోకండి, సీరం బదులు ప్లాస్మా పంపారేమో కనుక్కోండి, ఫైబ్రినోజెన్ సరిగ్గా అక్కడే నిలబడి నకిలీ స్పైక్‌లా కనిపిస్తుంది. నిజమైన స్పైక్ ఉన్నా అందరికీ క్యాన్సర్ అని కాదు. 3 గ్రాముల లోపు ఉండి, ఎముక, కిడ్నీ, రక్తం, కాల్షియం అన్నీ బాగుంటే మందు లేకుండా గమనిస్తూ ఉంటారు, వాళ్ళలో ఏడాదికి నూటికి ఒకరి చొప్పున జబ్బుగా మారుతుంది, అందుకే చెకప్‌లు మానకూడదు.

గ్లోబ్యులిన్ తక్కువగా ఉంటే ఎవరూ పట్టించుకోరు, నేనూ మొదట్లో పట్టించుకోలేదు. మాటిమాటికీ చెవి కారడం, న్యుమోనియా వచ్చే పిల్లాడికి గ్లోబ్యులిన్ 1.5 ఉంటే యాంటీబాడీలే తయారవడం లేదేమో, ఇమ్యునోగ్లోబ్యులిన్లు కొలిపించాలి. నడుము నొప్పీ రక్తహీనతా ఉన్న పెద్దాయనకి గ్లోబ్యులిన్ 1.6 ఉంటే అది కూడా మైలోమాయే కావచ్చు, యాంటీబాడీ ముక్కలు మాత్రమే తయారై అవి మూత్రంలోకి జారిపోతుంటే రక్తంలో ఏమీ పెరగదు, మంచి యాంటీబాడీలు కూడా అణిగిపోయి ఉంటాయి. ఆయన కాగితం మీద టోటల్ 6.2, నార్మల్, స్టార్ లేదు. అలాంటివాళ్ళకి ఆ ముక్కలనే కొలిచే ఫ్రీ లైట్ చెయిన్ పరీక్ష అడగాలి.

ప్రోటీన్ తేడాగా ఉంటే పక్క పరీక్షలు కూడా మోసం చేస్తాయి. కాల్షియంలో దాదాపు నలభై శాతం ప్రోటీన్లని, ముఖ్యంగా ఆల్బుమిన్‌ని పట్టుకుని తిరుగుతుంది. ఆల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువ ఉంటే దాన్ని 0.8తో గుణించి కాల్షియంకి కలపండి. ఆ ఆరేళ్ళవాడికి కాల్షియం 7.4, ఆల్బుమిన్ 4 కంటే 2.2 తక్కువ, 1.76 కలిపితే 9.16, అంటే కాల్షియం లోపమే లేదు. రైతు కాల్షియం 11.2 అన్నాం కదా, అదే లెక్కన దాదాపు 11.9, కనబడేదానికంటే ఎక్కువే ఉంది. ఇది అంచనా లెక్కే, అయొనైజ్డ్ కాల్షియం, అంటే దేన్నీ పట్టుకోకుండా విడిగా తిరిగే కాల్షియం కొలిచే చోట అదే మేలు. ఇంకొకటి, ప్రోటీన్ 10 దాటిన సీరంని కొన్ని పెద్ద మిషన్లలో నీళ్ళు కలిపి సోడియం చదివితే తప్పుగా తక్కువ చూపిస్తుంది, 128 అని చూసి సెలైన్ ఎక్కించేస్తారు. నేరుగా చదివే మిషన్‌లోనో, బ్లడ్ గ్యాస్ మిషన్‌లోనో సరిచూడమని రాయండి.

రైతు రిపోర్టు ఇచ్చే ముందు రాసి పంపిన డాక్టర్‌కి నేనే ఫోన్ చేశాను. సార్, గ్లోబ్యులిన్ 7, డైల్యూట్ చేసి రెండుసార్లు చూశాను, సీరం చిక్కగా ఉంది, స్ట్రిప్పులో ట్రేస్, సల్ఫోలో గట్టిగా వచ్చింది, ఎలక్ట్రోఫోరెసిస్ పెట్టమంటారా అని ఈ వరసలోనే చెప్పాను. ముక్కులోంచి రక్తం, చూపు మసక, తల తిరగడం ఉన్నాయేమో కూడా ఆ రైతుని అడిగి డాక్టర్‌కి చెప్పాను, రక్తం మరీ చిక్కబడితే అవి వస్తాయి, అప్పుడు ఒక్క పూట కూడా ఆగకూడదు. ఇలాంటి శాంపిల్ వచ్చిన సాయంత్రం మిగిలిన సీరం పారేయకండి. వేరే ట్యూబులోకి తీసి, మూత బిగించి, పేరూ నంబరూ తేదీ రాసి 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి, నాలుగైదు రోజుల్లో డాక్టర్ ఎలక్ట్రోఫోరెసిస్ రాస్తే దాన్నే పంపొచ్చు, ఆ మనిషి బంగారుపాళెం నుంచి మళ్ళీ బస్సెక్కి రానక్కర్లేదు.